'నిర్లక్ష్యం' అనే ముందు కారణం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

క్షయ మందులు మధ్యలో మానేసి, జబ్బు తిరగబెట్టి, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కుతున్న వారి గురించి కిందటి వారం మీ పత్రిక హైదరాబాద్ పేజీలో వచ్చిన వార్త చదివాను. వివరాలు శ్రద్ధగానే సేకరించారు. అయితే శీర్షికలో 'రోగుల నిర్లక్ష్యం' అన్న మాట చూసినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రి ప్రయోగశాలలో 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం సూక్ష్మదర్శిని ముందు కూర్చుని తెమడ స్లైడ్లు చూడటంలోనే గడిచింది. మందు మానేసిన వారిలో నిజంగా నిర్లక్ష్యంతో మానేసిన వారు నాకు చాలా తక్కువగా తారసపడ్డారు. ఎక్కువమంది తమకు తోచిన తర్కం ప్రకారం, బాగా ఆలోచించుకునే మానేశారు. ఆ తర్కంలో పొరపాటు ఎక్కడుందో వారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పని వారిలో నేనూ ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆటో డ్రైవరు రెండు నెలల మందు పూర్తయ్యాక తెమడ పరీక్షకు వచ్చాడు. మొదటిసారి చూసినప్పుడు అతని స్లైడులో నీలి రంగు మీద ఎర్రటి సన్నని కడ్డీలు గుంపులు గుంపులుగా కనిపించాయి. రెండు నెలల తర్వాత ఎంత వెతికినా ఒక్కటీ కనిపించలేదు. ఫలితం కాగితం అందుకుంటూ, "టెస్టుల ఏం లేదన్నరు గదా మేడమ్, ఇంక నాలుగు నెలలు ఈ గోలీలు ఎందుకు మింగాలె?" అని అడిగాడు. దగ్గు పోయింది, బరువు పెరిగాడు, ఆకలి వేస్తోంది, పరీక్షలో ఏమీ లేదు; మరోపక్క మాత్రలు వేసుకున్న ప్రతి పూటా కడుపులో తిప్పుతోంది, మూత్రం నారింజ రంగులో వస్తోంది. అతని స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. "డాక్టరు గారు చెప్పారు కదా, కోర్సు పూర్తి చెయ్యి" అని పంపించేశాను. ఏడాది తిరగకముందే అతని స్లైడు మళ్లీ నా ముందుకు వచ్చింది. ఈసారి ఎర్ర కడ్డీలు మొదటికన్నా ఎక్కువగా ఉన్నాయి.

ఆ రోజు అతనికి నేను ఇవ్వాల్సిన జవాబు రెండు నిమిషాల్లో చెప్పగలిగినదే. మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటే తప్ప సూక్ష్మదర్శిని కింద మా కంటికి చిక్కవు. కాబట్టి 'ఏమీ లేదు' అని మేం రాసే మాటకు అర్థం 'మా కంటికి కనిపించేటంత లేదు' అని మాత్రమే. మిగిలినవి ఎక్కడున్నాయి, ఎలా బతుకుతున్నాయి అన్నది తెలిస్తే మిగతా నాలుగు నెలల మందు ఎందుకో దానంతట అదే అర్థమవుతుంది.

ఊపిరితిత్తుల్లోకి చేరిన క్షయ క్రిమిని మన శరీరంలోని భక్షక కణం మింగుతుంది. మింగిన దాన్ని ఒక సంచిలో బంధించి, ఆమ్లమూ జీర్ణరసాలూ నిండిన మరో సంచిని దానికి కలిపి కరిగించేయడం ఆ కణం వృత్తి. క్షయ క్రిమి సరిగ్గా ఆ కలయికనే అడ్డుకుంటుంది. తనను చంపవలసిన కణంలోనే కాపురం పెట్టి, ఆ కణంలోని కొవ్వునూ కొలెస్ట్రాల్‌నూ తింటూ బతుకుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలన్న మాట ఈ క్రిమికి అక్షరాలా వర్తిస్తుంది. శరీరం అప్పటికీ ఊరుకోదు. మరిన్ని కణాలను పంపి దాని చుట్టూ గోడలా ఒక చిన్న గడ్డ కడుతుంది. ప్రాణవాయువు సరిగా అందని ఆ గడ్డలో కొన్ని క్రిములు చావకుండా, పెరగకుండా, దాదాపు నిద్రలో ఉన్నట్లు నెలలూ సంవత్సరాలూ గడపగలవు. మామూలుగానే ఇది నిదానంగా పెరిగే జీవి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు ఒకటి రెండైతే, క్షయ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది.

ఇప్పుడు మందుల సంగతి చూడండి. ఐసోనియాజిడ్ క్షయ క్రిమి గోడలోని మైనం వంటి పదార్థం తయారు కాకుండా అడ్డుకుంటుంది. గోడ కట్టుకుంటూ పెరిగే క్రిములు దాని దెబ్బకు మొదటి రోజుల్లోనే కుప్పలుగా చస్తాయి. అందుకే రోగికి త్వరగా నెమ్మదిస్తుంది. గోడ కట్టే పనే మానేసి నిద్రపోతున్న క్రిమిని ఆ మందు ఏం చేయగలదు? అది మధ్య మధ్య కాస్త మేల్కొన్నప్పుడు పట్టుకోవడానికి రిఫాంపిసిన్, ఆమ్లం నిండిన చోట్ల నక్కిన వాటి కోసం పైరజినమైడ్ కావాలి. ఇక నాలుగు మందులు కలిపి ఇవ్వడానికి కారణం లెక్కలో ఉంది. సుమారు పది లక్షల క్రిముల్లో ఒకటి ఐసోనియాజిడ్‌కూ, సుమారు పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్‌కూ పుట్టుకతోనే లొంగనిదిగా ఉంటుంది. పుండు పడి గుల్లైన ఊపిరితిత్తిలో క్రిములు పది కోట్లకు మించి ఉండవచ్చు. ఒక్క మందే ఇస్తే దానికి లొంగనిది తప్పకుండా మిగిలి, అదే పెరిగి రాజ్యమేలుతుంది. రెండింటికీ ఒకేసారి లొంగనిది ఉండే అవకాశం లేనంత స్వల్పం. ఆటో నడిపే మనిషికి, పేకాట ముక్కల లెక్క తెలిసిన మనిషికి, చిట్టీ పాటలో వడ్డీ లెక్కకట్టే మనిషికి ఈ లెక్క అర్థం కాదనుకోవడం మన అహంకారం.

చికిత్స ఎన్నాళ్లు, ఏ మందుతో అన్నది క్రిమి మన ఒంట్లో దాక్కునే చోటును బట్టీ, బతికే తీరును బట్టీ నిర్ణయమవుతుందన్నదే ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్న సంగతి. 'కోర్సు పూర్తి చేయండి' అన్న ఒక్క వాక్యాన్ని అన్ని జబ్బులకూ ఒకే మంత్రంలా చదవడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోయింది. పైగా ఆ మంత్రం అన్నిచోట్లా నిజం కూడా కాదు. రక్తంలో చేరిన బ్యాక్టీరియాకు 14 రోజుల చికిత్స ఇచ్చినా 7 రోజులు ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటేనని 2024లో వెలువడిన 'బ్యాలెన్స్' అనే పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. అయితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా సోకిన వారిని ఆ పరిశోధకులు అందులో చేర్చలేదు. ఎందుకంటే అది గుండె కవాటాల మీద, ఎముకల్లో గూడు కట్టుకునే రకం. ఆ ఒక్క మినహాయింపులోనే విషయమంతా ఉంది. రక్తంలో బాహాటంగా తిరిగేదానికి వారం చాలు, గూడు కట్టేదానికి వారాలు పడుతుంది, కణంలో నిద్రపోయేదానికి నెలలు పడుతుంది.

చోటు తెలియకుండా మందు వేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. కిందటేడు కార్తీక మాసంలో మా ఆడపడుచు కొడుకు వికారాబాద్ దగ్గర వాళ్ల పొలానికి వెళ్లి వచ్చిన పది రోజులకు జ్వరంతో పడ్డాడు. చేర్చిన ప్రైవేటు ఆసుపత్రిలో రక్తం తీయకముందే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మర్నాడు వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఆరు రోజులైనా జ్వరం దిగలేదు. ఇంకో యాంటీబయోటిక్, ఆపైన మరొకటి మార్చారు. చివరికి వేరే ఆసుపత్రిలో ఒక వైద్యురాలు పిల్లవాడి చొక్కా పైకెత్తి నడుము చుట్టూ పరిశీలించి, నల్లటి పక్కు కట్టిన చిన్న పుండును చూపించారు. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే అతి చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల సోకే జబ్బు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగింది.

వైడాల్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ పరీక్షను నా చేతులతో కొన్ని వేలసార్లు చేశాను. 1896లో వచ్చిన పరీక్ష అది. టైఫాయిడ్ క్రిమిని అది వెతకదు, ఆ క్రిమి మీద మన శరీరం ఎప్పుడో తయారు చేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. టైఫాయిడ్ ఏటా తిరిగే మన ఊళ్లలో, ఎప్పుడో సోకి తగ్గిన వారి రక్తంలో కూడా అవి ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని నిర్ధారించడం సరికాదని మాకు శిక్షణలోనే నేర్పారు. అయినా వీధి చివరి ల్యాబ్‌లో జ్వరమనగానే ముందు చేసేది అదే. నమ్మదగినది, రక్తంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్ష. అదీ యాంటీబయోటిక్ పడకముందు రక్తం తీస్తేనే. అప్పుడు కూడా కొన్ని కేసులు తప్పిపోతాయి. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క క్రిమి కూడా దొరకకపోవచ్చు. ఎందుకంటే అది కూడా కణాల లోపల, ఎముక మజ్జలో, కాలేయంలో తలదాచుకునే జాతే. పెద్దవారి దగ్గర ఎక్కువ రక్తం ఎందుకు తీస్తారని మాతో గొడవపడే బంధువులకు ఈ కారణం చెప్పినప్పుడల్లా వారు వెంటనే ఒప్పుకున్నారు.

మా పిల్లవాడికి మొదట పడిన ఇంజెక్షను చెడ్డదేమీ కాదు. బ్యాక్టీరియా గోడను దెబ్బతీసే మంచి మందు. స్క్రబ్ టైఫస్ క్రిమి రక్తనాళాల గోడల్లోని కణాల లోపల బతుకుతుంది, దానికి ఆ మందు దెబ్బతీసే గోడ కూడా నామమాత్రమే. అందుకే ఆ మందు దాన్ని తాకలేకపోయింది. డాక్సీసైక్లిన్ కణంలోకి చొరబడి, క్రిమి మాంసకృత్తులు తయారు చేసుకోకుండా ఆపింది. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన విభాగానికి నేతృత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీయగా 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ జాతి మందులు చాలావరకు బ్యాక్టీరియాను నేరుగా చంపవు, పెరగనివ్వకుండా ఆపుతాయి. మిగతా పని మన శరీర రక్షణ కణాలు పూర్తి చేస్తాయి. ఇప్పుడు కొత్త మార్గాలంటూ శాస్త్రవేత్తలు చెబుతున్న వాటిలో చాలా వాటికి ఈ పాత సూత్రమే పునాది.

క్రిమి ఎలా బతుకుతుందో తెలుసుకుని ఆ బతుకుదెరువు మీదే దెబ్బకొట్టడం ఆ కొత్త మార్గాల సారాంశం. నిద్రపోతున్న క్షయ క్రిమికి గోడ అక్కర్లేకపోవచ్చు గాని, బతికుండటానికి కొంచెమైనా శక్తి కావాలి. ఆ శక్తిని తయారు చేసే యంత్రాన్నే ఆపేస్తుంది బెడాక్విలిన్. 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, క్షయకు దాదాపు 40 ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త తరగతి మందు. దీనితో ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన బీపాల్‌ఎం చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది, మన కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదించింది. మామూలు మందులకు లొంగని మొండి క్షయకు 18, 20 నెలలు పట్టే చికిత్స దీనితో 6 నెలలకు దిగింది. పాత చికిత్సలో రోజూ ఇంజెక్షను పొడిపించుకుని చెవుడు తెచ్చుకున్న రోగులను చూసినదాన్ని గనుక, ఈ మార్పు ఎంతటిదో నాకు తెలుసు.

మరో మార్గం ఆకలితో మాడ్చడం. బ్యాక్టీరియాకు ఇనుము ప్రాణాధారం. మన శరీరం తన ఇనుమును కొన్ని మాంసకృత్తుల్లో భద్రంగా దాచి, వాటికి చిక్కకుండా చూస్తుంది. బ్యాక్టీరియా కూడా ఇనుమును లాక్కొచ్చే చిన్న అణువులను బయటికి వదిలి, ఇనుముతో తిరిగొచ్చిన వాటిని తలుపు తెరిచి లోపలికి తీసుకుంటుంది. అటువంటి అణువు రూపాన్నే మందుకు తగిలిస్తే, బ్యాక్టీరియా దాన్ని తన ఆహారమనుకుని స్వయంగా లోపలికి లాక్కుంటుంది. ఎరలో గాలం పెట్టినట్లు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన సెఫిడెరోకాల్ పనిచేసే తీరు ఇదే. ఆసుపత్రుల్లో సోకే మొండి బ్యాక్టీరియా మీద వాడుతున్నారు.

మన ఊరిలోనే హబ్సిగూడ దగ్గరున్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో డాక్టర్ మంజులా రెడ్డి బృందం ఇంకా మూలంలోకి వెళ్లింది. బ్యాక్టీరియా గోడ ఒక గట్టి వల లాంటిది. అది పెరగాలంటే ఉన్న వలను అక్కడక్కడా కత్తిరించి, సందులో కొత్త పోగులు కలపాలి. పెన్సిలిన్ వంటి మందులు పోగులు కలిపే పనిని ఆపుతాయని ఎప్పటి నుంచో తెలుసు. అసలు కత్తిరించేది ఎవరు? ఈ.కోలైలో ఆ కత్తెరల్లా పనిచేసే ఎంజైములను ఆ బృందం గుర్తించి 2012లో ప్రకటించింది. అవన్నీ లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదు. ఈ కృషికి ఆమెకు 2019లో జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఇందులోంచి మందు చేతికి రావడానికి ఇంకా చాలా పని ఉంది. అయినా తార్నాక మీదుగా రోజూ బస్సులో వెళ్లే పిల్లలకు ఆ ప్రహరీ గోడ వెనక ఇంత పని జరుగుతోందని తెలియాలి కదా! మీ పత్రిక విద్యా పేజీలో పోటీ పరీక్షల ర్యాంకులకు దొరికే చోటులో పదో వంతు దీనికి దొరికినా చాలు.

బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌ల మాట కూడా ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. గంగా యమునల నీటిలో కలరా క్రిములు చస్తున్నాయని 1896లోనే ఎర్నెస్ట్ హాన్కిన్ గమనించాడు. 1917లో ఫెలిక్స్ డెరెల్ బ్యాక్టీరియాను తినే ఈ వైరస్‌లకు బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. పైపైన ఉండే మొండి పుండ్లకు, రక్తంలో చేరిన కొన్ని బ్యాక్టీరియాకు ఇవి పనికొస్తాయన్న ఆశ ఉంది గాని, మన కణాల లోపల నక్కిన వాటిని చేరడం వీటికి కష్టం. ఇక్కడ కూడా చోటు తెలియాలి.

అన్నిటికన్నా నా మనసుకు దగ్గరైన పరిశోధన జార్ఖండ్‌లో జరిగింది. క్షయ క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. నూటికి 5 నుంచి 10 మందిలోనే అది జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. మిగతా వారిలో ఆ గడ్డ గోడ గట్టిగా నిలబడి క్రిమిని బంధించి ఉంచుతుంది. ఆ గోడను నిలబెట్టేది శరీర పుష్టి. 'రేషన్స్' పేరుతో జరిగిన ఆ పరిశోధనలో 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలోని సుమారు 10,000 మందిని తీసుకున్నారు. కొన్ని ఇళ్లలో రోగితోపాటు ఇంటివారికి కూడా నెలనెలా బియ్యం, కందిపప్పు, విటమిన్లు ఇచ్చారు. మిగతా ఇళ్లలో రోగికి మాత్రమే ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 39 శాతం తగ్గినట్లు 2023లో ప్రకటించారు. బియ్యం, కందిపప్పు! మన వంటింట్లోని మందు. క్రిమి ఇంటి దొంగ అయినప్పుడు ఇంటి గోడలు గట్టిగా ఉండాలన్నది అంత కొత్త సంగతి కాకపోయినా, ఇంత శాస్త్రీయంగా లెక్కకట్టి చూపించినది ఇదే. క్షయ రోగుల తిండి కోసం ఉన్న నిక్షయ్ పోషణ్ పథకం కింద రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు, సంతోషం. ఆ సొమ్ము నెలనెలా క్రమం తప్పకుండా చేరాలి. ఇంటివారి తిండి దాతల దయ మీద కాకుండా రేషన్ దుకాణం ద్వారా హక్కుగా అందాలి.

క్రిమి ముసుగు తీసి శరీరానికి దాని ముఖం చూపించడంలో మన నగరానికే గొప్ప పేరుంది, కానీ మన పిల్లలకు అది సరిగా అందడం లేదన్న బాధ నాకుంది. టైఫాయిడ్ క్రిమి 'వీఐ' అనే చక్కెర పొరను ముసుగులా కప్పుకుని మన రక్షణ కణాల కన్నుగప్పుతుంది. ఆ చక్కెరను ధనుర్వాతపు టీకాలోని మాంసకృత్తికి జతచేసి, చంటిపిల్లల శరీరం కూడా గుర్తుపట్టేలా చేసినదే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారు చేసిన అటువంటి టీకాకు, ప్రపంచంలోనే మొదటిసారిగా, 2017 చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత, అంటే నాణ్యత, భద్రతల గుర్తింపు, లభించింది. అంతకు ముందు ఏడాదే పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో, సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ చెలరేగి, అజిత్రోమైసిన్ వంటి ఒకటి రెండు రకాల మందులు తప్ప ఇంకేవీ పనిచేయని స్థితి వచ్చింది. ఆ హైదరాబాద్ పిల్లలను కాపాడటానికి వెళ్లినది ఈ హైదరాబాద్‌లో తయారైన టీకా. 2019 నవంబరులో ఆ దేశం దీన్ని తన సాధారణ టీకాల పట్టికలో చేర్చింది. అలా చేసిన మొదటి దేశం అదే. మన దేశంలో నవీ ముంబై నగరపాలక సంస్థ 2018లోనే ప్రభుత్వపరంగా పిల్లలకు ఈ టీకా వేయించింది. తయారయ్యే ఊరిలో, బస్తీ దవాఖానాకు వచ్చే కూలివారి పిల్లలకు ఇది ఉచితంగా ఎందుకు అందకూడదు?

పేరు సంపాదించిన ఊరికి బాధ్యత కూడా ఉంటుంది. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. చెరువు అడుగున, వాగు గట్టున ఉండే బ్యాక్టీరియాకు మనమే దగ్గరుండి మందును తట్టుకునే విద్య నేర్పినట్లయింది. అవి ఆ విద్యను, అంటే ఆ జన్యువులను, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు. వాటిని తిరిగి చేర్చాలని మన రాష్ట్రం నుంచే గట్టిగా అడగాలి, ఎందుకంటే ఆ నీళ్లు మొదట పారేది మన పొలాల్లోకే. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయారని అంచనా. వారిలో చాలామంది ఏ మందూ మధ్యలో మానేసిన వారు కారు.

సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. జ్వరంతో వచ్చిన రోగికి యాంటీబయోటిక్ ఇచ్చే ముందే రక్తం తీసి, బస్తీ దవాఖానా నుంచి పెద్ద ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ప్రతిచోటా జరగాలి. ఖర్చు భయంతో పేదవారు కల్చర్‌ను వదులుకుని వైడాల్‌తో సరిపెట్టుకునే స్థితి పోవాలి. క్షయ మందులు ఇచ్చే కేంద్రంలో మొదటి రోజే రోగికీ, ఇంటివారిలో ఒకరికీ పది నిమిషాలు కూర్చోబెట్టి, క్రిమి ఎక్కడ దాక్కుంటుందో బొమ్మ వేసి చూపించాలి. రెండు నెలలకు తెమడ శుభ్రంగా వచ్చిన రోజున మళ్లీ ఒకసారి కూర్చోబెట్టాలి, ఎందుకంటే మందు మానేయాలనిపించేది సరిగ్గా ఆ రోజే. ఈ రెండో మాట ఏ శిక్షణ పుస్తకం చూసో రాయడం లేదు. 31 ఏళ్లు ఫలితం కాగితాలు చేతికిచ్చిన అనుభవంతో రాస్తున్నాను.

ఆ ఆటో డ్రైవరు రెండోసారి వచ్చినప్పుడు, నా బల్ల మీద ఉన్న పాత రిజిస్టరు వెనక పేజీలో ఒక గుండ్రటి కణం, దాని లోపల సంచి, సంచిలో నిద్రపోతున్న మూడు కడ్డీలు గీసి చూపించాను. చాలాసేపు చూసి, "గీ మూడు మిగిలినందుకే మళ్ల మొదటికొచ్చిందా మేడమ్?" అని అడిగాడు. ఆ బొమ్మ ఉన్న కాగితం చింపి ఇవ్వమన్నాడు. తర్వాత ఎనిమిది నెలల మందులో ఒక్క పూట తప్పించలేదు. పదవీ విరమణ తర్వాత అదే బొమ్మను కాస్త పెద్దదిగా, రంగుల్లో వేసి మా బస్తీలోని ఆశా కార్యకర్తకు ఇచ్చాను. ఆమె దాన్ని ఇంటింటికీ తీసుకెళ్తోంది. దాని నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. క్షయ గురించి మీరు మళ్లీ రాసిన రోజున వార్త పక్కన దాన్ని అచ్చు వేయదలిస్తే నా పేరు అవసరం లేదు.

భవదీయురాలు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
సీతాఫల్‌మండి, హైదరాబాద్